రెండేళ్ళ ప్లాను

"ఉండేది ఇద్దరేగా సార్, నలభై ఎంబీపీఎస్ చాలు. ఏడాది ప్లాను తీసుకోండి," అంది బ్రాడ్‌బ్యాండ్ అమ్మాయి.

"రెండొందలది ఇవ్వమ్మా, రెండేళ్ళకి. పాస్‌వర్డ్ మాత్రం పాతదే ఉండాలి," అన్నాడు దర్జీ.

"మధ్యలో మానేస్తే జరిమానా ఉంటుంది సార్."

"మానను."

వంటింట్లోంచి భార్య వచ్చింది. "మనిద్దరికీ అంత స్పీడు దేనికి?"

దర్జీ గోడవైపు చూశాడు. అవతలి వాటాలో తమ్ముడి కాపురం. ఇల్లు పంచుకున్నప్పటి నుంచి మాటల్లేవు.

"వాళ్ళ పిల్లకి ఆన్‌లైన్ క్లాసులు. పాఠం మధ్యలో ఆగిపోతోందని ఏడుస్తుంటే వినిపించింది. చదువు ఇంకా రెండేళ్ళుంది."

"మీ తమ్ముడికి మన పాస్‌వర్డ్ ఇచ్చారా?"

"మాట్లాడితేగా ఇవ్వడానికి. విడిపోయినప్పుడు మార్చలేదంతే."

ఆమె బ్రాడ్‌బ్యాండ్ అమ్మాయి వైపు తిరిగింది.

"వైఫై డబ్బా ఈ మూల వద్దమ్మా. ఆ గోడకి బిగించమని చెప్పు."