జాబితాలో ఎక్కువైన పేరు

తస్లీమ్ మార్కాపురంలో ఒక రక్తనిధి కంప్యూటర్లు చూసుకునేది. ఆ రాత్రి రక్తదాతల జాబితా ఉన్న ఒకే డేటాబేస్‌ను లినక్స్ సర్వర్‌లోనూ, విండోస్ సర్వర్‌లోనూ నడిపి పోల్చి చూసింది. లినక్స్‌లో రక్తదాతలు నాలుగు వందల పన్నెండు మంది. విండోస్‌లో ఒకరు ఎక్కువ: ఖాదర్ వలి, కొమరోలు, ఓ నెగెటివ్.

ఇంతలో నర్సు హైమావతి పరుగున వచ్చింది.

"కాన్పుకొచ్చిన పిల్లకు ఓ నెగెటివ్ కావాలక్కా. యాడా దొరకలా."

తస్లీమ్ ఖాదర్ వలి పేరు పక్కనున్న నంబరుకు ఫోన్ చేసింది. చాలాసేపు గాలి చప్పుడే వినిపించింది. తర్వాత ఒక మెత్తని గొంతు, "వస్తాండానమ్మా," అంది.

కొమరోలు నుంచి మార్కాపురానికి బస్సులో గంటన్నరకు పైగా పడుతుంది. ఆయన పది నిమిషాల్లో వచ్చాడు. చెయ్యి చల్లగా ఉంది. రక్తం పరీక్షల్లో సరిపోయింది. తల్లీ బిడ్డా బతికారు.

ఆ కబురు చెబుదామని తస్లీమ్ తిరిగి వచ్చేసరికి ఆయన రక్తమిచ్చిన మంచం ఖాళీగా ఉంది. కృతజ్ఞతతో కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి ఆయన భార్య జమీలాబీ ఎత్తింది. తస్లీమ్ చెప్పిందంతా ఓపిగ్గా విన్నది.

"ఆయన పోయి మూడేండ్లాయ బేటీ," అంది నెమ్మదిగా. "బాగున్నారా ఇద్దరూ? పోయినసారి ఫోన్ చేసినోళ్ళకు మొగపిల్లోడు."