మిషనక్క పరువు

"నువ్వు కిందే కూర్చో తల్లీ. కడుపుతో ఉన్నదానివి, నీకెందుకీ మెట్లు!" అంటూ అత్తగారు రెయిలింగు పట్టుకుని మూలుగుతూ పైకెక్కింది.

కోడలు కింది మెట్టు మీద చతికిలబడింది. పొద్దుట్నుంచీ ఇదే వరస. కుట్టడానికిచ్చిన గుడ్డలో సగం మిషనక్క కాజేస్తుందని వీధిలో ఎవరో పుకారు పుట్టించారు. అంతే, అందరూ ఆమె గడప తొక్కడం మానేశారు. తండ్రి లేని పిల్లల్ని ఆ కుట్టుమిషనే సాకుతోంది పాపం. ఇప్పుడు దాన్నీ అమ్మేస్తోందట! ఆ కబురు చెవిన పడ్డాక అత్తగారికి ముద్ద దిగలేదు. తెల్లవారుజామున ఫజర్ నమాజు కాగానే, అదంతా అబద్ధమని ఇంటింటికీ చెప్పి రావడానికి బయల్దేరింది.

పైన తలుపు ధడాలున మూసుకుంది. అత్తగారు ముసుగు చెంగుతో కళ్ళొత్తుకుంటూ దిగివచ్చింది.

"మళ్ళీ తిట్టారా? చోద్యం కాకపోతే, మంచి చెప్పబోతే మొహం మీద తలుపేస్తారా!" కోడలు భగ్గుమంది.

"పోనీలేవే. వాళ్ళకి మాత్రం కోపం రాదూ?"

"మీకున్న ఓర్పు నాకు లేదు బాబూ. మొన్న మీ కొత్త బట్టలే పాడుచేసిందా మిషనక్క. అయినా మనసులో పెట్టుకోలేదు మీరు. సాటి మనిషి పరువు కాపాడినవాళ్ళ మొహాన్ని అల్లా నరకాగ్ని నుంచి కాపాడతాడని మనకి ఖురాన్ నేర్పే ఉస్తాద్‌బీ చెప్పారే, అది మీ గురించే అత్తయ్యా."

అత్తగారు గోడకి ఆనుకుని నిలబడిపోయింది. "మరి ఆ పుకారు పుట్టించినదాన్ని అల్లా క్షమిస్తాడంటావా?" అంది.

"ఆఖరి ఊపిరిదాకా ఆయన తలుపు తెరిచే ఉంటుందిగా. కానీ ముందు మిషనక్క క్షమించాలి కదా! ఆమెని అడిగేంత గుండె ఆ మహాతల్లికెక్కడిది లెండి, ఏ మూలో నక్కి ఉంటుంది."

అత్తగారు తలూపి నడక సాగించింది.

మిషనక్క గుమ్మం ముందు మిషను తీసుకుపోయే బండి నిలబడి ఉంది. అత్తగారిని చూడగానే మిషనక్క పరుగున వచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"ఎదురింటావిడ ఇప్పుడే మళ్ళీ బట్టలిచ్చి వెళ్ళింది పిన్నీ! ఇదేమిటని అడిగితే, మిమ్మల్నే అడగమంది. నా కోసం ఇల్లిల్లూ తిరిగారా?"

"ముందు ఆ బండిని పంపించెయ్యి."

"పంపిస్తాను. నా పిల్లల నోటి దగ్గర కూడు లాగేసిందెవరో మీకు తెలుసు కదూ? ఒక్కసారి చెప్పండి పిన్నీ. నేనేం పాపం చేశానని అడగాలి."

కోడలికి అత్తగారిని చూస్తే గర్వంగా అనిపించింది. అత్తగారు చేతులు విడిపించుకుని, మిషనక్క కళ్ళలోకి చూసింది.

"అది నేనేనమ్మా."