మీసం తిప్పిన ముక్కలు

"ఏడ్చేది వద్దు. తీసెయ్," అన్నాడు సుధీర్.

టీవీలో వాళ్ల తాత ఓబులేసు, పెద్దకూతుర్ని అత్తగారింటికి సాగనంపుతూ కండువాతో కళ్లు తుడుచుకుంటున్నాడు. స్టూడియో ముసలాయన టేపును ముందుకు తిప్పాడు.

కర్నూలు పాతబస్తీలో ఇరుకు సందు. పాత వీడియో టేపులు ఆడించే మిషను అక్కడ ఇంకా పనిచేస్తోందని తెలిసి సుధీర్ కమలాపురం నుంచి సంచి నిండా టేపులతో వచ్చాడు. కడపలో స్టూడియోల వాళ్లు అలాంటి మిషన్లను ఎప్పుడో పాత సామాన్లవాడికి ఇచ్చేశారు.

ముసలాయన పని ఎలా జరుగుతుందో చెప్పాడు.

"ముక్క యాడ మొదలు కావాల్నో, యాడ అయిపోవాల్నో నువ్వు చెప్పు. నేను కంప్యూటర్లో గుర్తులు పెడతా. అన్నీ పెట్టినాక ఒక్క బటన్ నొక్కితే చాలు. మిషనే టేపును తిప్పుకోని ఆ ముక్కలు మాత్రం వరసగా ఎక్కిచ్చుకుంటాది. మిగతాది వదిలేస్తాది."

"మిగతాదే శానా ఉండాది. వదిలెయ్యనీ."

సుధీర్ బాధ సుధీర్‌ది. ఎల్లుండి తాత సంవత్సరీకం. పార్టీ జిల్లా నాయకుడు వస్తున్నాడు. జెడ్పీటీసీ టికెట్టు సుధీర్‌కా, పక్కూరి భూపేష్‌కా అన్నది ఆ రోజే తేలుతుంది. "చదువుకున్నోళ్లు, మంచోళ్లు మాకాడ దండిగా ఉండారబ్బీ. మీ ఇంటికి పేరుండాదా?" అని నాయకుడు ముందే అడిగాడు. భూపేష్ తాత మీద రెండు హత్య కేసులున్నాయి. భూపేష్ ఆ సంగతితో ఫ్లెక్సీ కూడా వేయించాడు.

"మాకుండేది ఒగటే," అన్నాడు సుధీర్ దిగులుగా. "ఆ ఒగటీ గట్టిగా చూపియ్యల్ల."

"ఎవురిని చంపినాడు?"

"గోపన్న అని, ఎదురు పార్టీవాడు. మా చిన్న మేనత్త పెండ్లినాడు మా ఇంటికే వచ్చినాడంటే ఎంత గుండె చూడు! మా తాత గొంతు పట్టుకోని దొడ్లోకి ఈడ్చుకపోయినాడు. ఆ పొద్దు నుంచి గోపన్న ఊర్లో కనపడితే ఒట్టు. పోలీసోళ్లకు గోరు గూడా దొరకనీలేదు మా తాత."

"చంపినానని ఆయప్ప చెప్పినాడా?"

"ఎందుకు చెప్తాడు? అడిగితే మీసం తిప్పి నవ్వేటోడు. ఇంకేం సాక్ష్యం కావాల?"

"ఎట్ల పోయినాడు మీ తాత?"

"నిద్రలోనే. పోయినేడు."

ముసలాయన చేతిలోని టేపు మీద దుమ్ము తుడిచాడు. దుమ్ము పోయాక కూడా కాసేపు తుడుస్తూనే ఉన్నాడు. తర్వాత దాన్ని మిషన్లో పెట్టాడు.

ఓబులేసు మేకపిల్లకు ఆకు తినిపిస్తున్నాడు. "వద్దు," అన్నాడు సుధీర్.

ఓబులేసు మీసాన్ని చంటిపిల్ల పట్టుకుని లాగుతోంది. "వద్దొద్దు."

పెళ్లాం కసురుతుంటే ఓబులేసు తల వంచుకుని గోంగూర తుంచుతున్నాడు.

"అయ్యో, దీన్ని చూస్తే భూపేష్‌గాడు నవ్వి నవ్వి సస్తాడు! తీసెయ్ పెద్దాయనా!"

ఓబులేసు జీపు దిగాడు. "పెట్టు." మీసం దువ్వాడు. "పెట్టు." ఉన్నట్టుండి కళ్లు ఎర్రబడ్డాయి, ముక్కుపుటాలు అదిరాయి, పళ్లు బిగిశాయి.

"పెట్టు, పెట్టు! తుమ్మకముందే కోసెయ్!"

ముసలాయన తుమ్ముకు ముందు గుర్తు పెట్టాడు.

చివరికి చిన్న మేనత్త పెళ్లి టేపు వచ్చింది. పందిట్లో ఎవరిదో వీపు. ఓబులేసు వచ్చి ఆ వీపు మీద చెయ్యేశాడు. ఇద్దరూ దొడ్లోకి నడిచారు.

"అదో, గొంతు పట్టుకున్నాడు!"

"భుజం మీద చెయ్యేసినట్టుండాది కదప్పా."

"గొంతు మీంచి చెయ్యి జారింటాది. నువ్వు గుర్తు పెట్టు."

కాసేపటికి ఓబులేసు ఒక్కడే కనిపించాడు. తెల్ల చొక్కా నిండా ఎర్రటి మరకలు. సుధీర్ కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

"నెత్తురు!"

"వసంతం రంగునీళ్లేమో. పెండ్లిలో చల్లుకుంటారు కదా."

"నోరు మంచిది చేసుకో పెద్దాయనా. నా టికెట్టు పోగొడతావా ఏంది?"

తర్వాత బంతి భోజనాలు మొదలయ్యాయి.

"ఈ ముక్క గూడా ఒకసారి చూసుకో నాయనా," అన్నాడు ముసలాయన. "బంతిలో శానామంది ఉండారు."

"తినేటోళ్లను చూసి ఏం జేయాల? కోసెయ్."

ముసలాయన కోసేశాడు. బటన్ నొక్కాడు. టేపులు మార్చమని మిషను అడిగినప్పుడల్లా మార్చాడు. అది గిర్రున తిప్పుకుని, ఆగి, మళ్లీ తిప్పుకుని, సుధీర్ కోరిన తాతను ముక్కముక్కగా కంప్యూటర్లోకి ఎక్కించింది. మేకపిల్ల, గోంగూర, కన్నీళ్లు టేపుల్లోనే ఉండిపోయాయి.

సుధీర్ మైకు ముందు కూర్చుని, రాసుకొచ్చిన మాటలు గొంతు బొంగురు చేసుకుని చదివాడు. "ఆరున్నర అడుగుల రాక్షసుడు, గోపన్న..."

"అంత పొడుగా?" అన్నాడు ముసలాయన. "టేపులో మీ తాత చెవికాడికే ఉండాడు."

"ఉంటే ఉండనీ. మా తాత చంపినోడు పొట్టోడైతే మాకేం పేరు?"

ముసలాయన ముక్కలన్నీ వరసగా అతికించాడు. సుధీర్ చెప్పినట్టే, మొదట్లో తెర నిండా, నెత్తురు కారే అక్షరాలు పెట్టాడు: 'సింహం ఓబులేసు చేతిలో గోపన్న హతం.'

సుధీర్ సినిమా మొత్తం చూసుకున్నాడు. కళ్లు చెమర్చాయి. ముసలాయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నాకు టికెట్టు వచ్చిందంటే నీ పుణ్యమే పెద్దాయనా. ఆఖర్న కృతజ్ఞతలని నీ పేరు వేయిస్తా. ఏం పేరు నీది?"

"వద్దులే నాయనా, 'హతం' పక్కన ఒకసారి వేయించినావు కదా, చాలు."