మసిలో గుండీ

మీ దగ్గర దాపరికం ఎందుకు, బుర్గా అమ్మమ్మ పెట్టే పరీక్ష శుద్ధ మోసం.

ఆమె దగ్గర బంగారు పూత గుండీ ఒకటుంది. ఆమె పెళ్ళినాడు, చర్చి గుమ్మంలో నిలబడ్డ పొగగొట్టాలు దులిపే మనిషి శుభమా అని తన నల్లకోటు మీంచి తెంపి చేతిలో పెట్టిన గుండీ. ఆ పనివాళ్ళ గుండీ ముట్టుకుంటే అదృష్టమని ఆ బవేరియా పల్లెలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. బుర్గా మాత్రం అదృష్టం మీద భారం వేసి ఊరుకునే రకం కాదు. పొగగొట్టం దులిపే రోజు ఆ గుండీని సెల్లార్లో, గొట్టం అడుగున ఉండే చిన్న ఇనప తలుపు వెనక, మసిలో పాతేస్తుంది. మసి మొత్తం ఎత్తిపోసేవాడికి అది దొరికి తీరుతుంది. పైపైన బ్రష్ ఆడించి సంతకం పెట్టించుకుపోయేవాడికి దొరకదు.

పాత మనిషి ఓట్మార్ ఏటా నవ్వుతూ గుండీ తెచ్చిచ్చేవాడు. మోకాళ్ళు అరిగి మానేశాడు. ఇప్పుడు చట్టం మారి, ఈ పనికి ఎవరినైనా ఎంచుకోవచ్చట. ఎవరిని నమ్మాలో మాత్రం ఎవరూ చెప్పరు. మొదట వచ్చినవాడి మాటల్లో తేనె కారింది కానీ చేతిలో గుండీ లేదు. బుర్గా వాణ్ణి కాఫీ కూడా ఇవ్వకుండా సాగనంపింది. వాడు బీరు దుకాణంలో కూర్చుని ముసలమ్మ గుండీ కథ ఊరందరికీ చెప్పి నవ్వించాడు.

ఇవాళ రెండోవాడి వంతు. ఈ పరీక్ష తేలాల్సిందే, ఎందుకంటే సాయంత్రానికి మనవరాలు రోస్‌విటా చంటిబిడ్డతో ఆస్పత్రి నుంచి నేరుగా ఇక్కడికే వస్తోంది. మేడమీద గదిలో ఉయ్యాల సిద్ధం. బయట మోకాలి లోతు మంచు. ఆ గది పొయ్యిలో కట్టెలు పేర్చి ఉన్నాయి, అగ్గిపుల్ల గీయడమే తరువాయి.

పొద్దుటి నుంచి ఆమె కాలు ఒకచోట నిలవలేదు. గుండీ తీసుకుని సెల్లార్లోకి దిగిందో లేదో రోస్‌విటా ఫోను, బిడ్డ ఇప్పుడే ఆవలించాడని. అది విని మురిసి పైకొచ్చేసరికి పిండి గిన్నె దాటి పొంగుతోంది. ప్లమ్ కేకు ఓవెన్లోకి వెళ్ళిందో లేదో గుమ్మంలో గంట. పిండి అంటిన ఏప్రన్ మేకుకి తగిలించి, ఉతికింది కట్టుకుని తలుపు తీసింది.

వెండెలిన్ పొడుగ్గా, సన్నగా, నిచ్చెనకి తమ్ముడిలా ఉన్నాడు. నల్లకోటు గొంతు దాకా బిగించుకున్నాడు. రెండు వరసల బంగారు గుండీలు తళతళమంటున్నాయి. వచ్చీరాగానే కేకు వాసన బాగుందని కూడా అనలేదు. బుర్గా మనసులో ఒక మార్కు తీసేసింది.

కప్పు ఎక్కాడు, దిగాడు. మేడగదిలో బీరువా వెనక గోడని వేళ్ళతో తట్టి చాలాసేపు విన్నాడు. సెల్లార్లోకి వెళ్ళాడు, వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. చివరికి మసి మొహంతో వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు.

"అమ్మా, ఇవాళ పొయ్యి వెలిగించకండి. మేడగది గోడలో గొట్టం పగిలింది. పొగలోని విషవాయువు గదిలోకే వస్తుంది, కంటికి కూడా కనపడదు."

"అబ్బో. ఇక పగులు పూడ్చడానికి మీ బావమరిదిని పంపుతావు, అంతేగా?"

"నాకు బావమరిది లేడు. మీకు నచ్చిన మేస్త్రీని పిలుచుకోండి."

"అంత ప్రమాదమైతే మానెయ్యమని కాగితం ఇవ్వు."

"ఇస్తాను. అది ఆఫీసు నుంచి మీకు వచ్చే వారం అందుతుంది. పొయ్యి వెలిగేది ఇవాళ."

బుర్గా అగ్గిపెట్టె చేతిలోకి తీసుకుంది. ఆమె అడగాల్సింది ఒక్కటే మిగిలింది.

"కింద మసి అంతా ఎత్తావా? ఏమీ దొరకలేదా నీకు?"

అతను ఆమె మొహం చూశాడు. అగ్గిపెట్టె చూశాడు. మేడమెట్ల మీద ఆరేసిన చిన్నచిన్న చొక్కాలు చూశాడు.

"ఉండండి, బకెట్ ఇంకోసారి చూసొస్తా" అని సెల్లార్లోకి దిగాడు.

తిరిగొచ్చినప్పుడు అరచేతిలో మసి కొట్టుకున్న గుండీ ఉంది.

బుర్గా అగ్గిపెట్టె అలమరలో పెట్టేసింది. ఆ తర్వాత అతను ఏం చెప్పినా ఎదురు మాట్లాడలేదు. గుండీని అలాగే కాఫీ సాసర్లో పెట్టి, వెండెలిన్‌కి కేకు రెండు ముక్కలు తినిపించింది. అతను గుమ్మం దాటుతుంటే చలిగాలి కొట్టింది.

"ఆ కోటు పైన తెరుచుకునుంది చూడు నాయనా, జలుబు చేస్తుంది."

"ఎక్కీ దిగీ ఒళ్ళు వేడెక్కిందమ్మా" అని అతను మెడకి కండువా చుట్టుకున్నాడు.

ఆ రాత్రి రోస్‌విటా, బిడ్డ, బుర్గా ముగ్గురూ వంటింట్లోనే పరుపులు వేసుకుని, పక్కింటివాళ్ళ కరెంటు హీటర్ పెట్టుకుని పడుకున్నారు. మేడ మీద గది ఉండగా ఇక్కడేమిటని రోస్‌విటా గొణిగింది.

మర్నాడు బుర్గా తనే వెతికి పిలిపించుకున్న మేస్త్రీ బీరువా జరిపాడు. వెనక గోడకి అంటించిన రంగు కాగితమంతా నల్లగా ఉంది. పగుల్లోకి అతని పిడికిలి పట్టింది. ఉయ్యాల అక్కడికి రెండడుగుల దూరం.

"ఇది వెలిగించుంటే..." అని మేస్త్రీ బిడ్డకేసి చూశాడు.

రోస్‌విటా బిడ్డని గుండెకి అదుముకుని ఏడ్చింది. బుర్గా కన్నీళ్ళు తుడుచుకుంటూనే కాస్త గర్వపడింది కూడా.

"చూశావుటే, ఎలాంటివాణ్ణి పట్టుకున్నానో? గుండీ అబద్ధం చెప్పదు. బతికున్నంతకాలం ఈ ఇంటికి వాడే రావాలి."

ఇవాళే వెండెలిన్‌కి పెద్ద కేకు ఒకటి చేసి పంపాలనుకుంది. పిండి పనికి మంచి ఏప్రన్ ఎందుకని, మేకుకున్న నిన్నటిది తీసి కట్టుకుని, చేతిగుడ్డ కోసం జేబులో చెయ్యి పెట్టింది.

వేళ్ళకి తన పెళ్ళినాటి గుండీ తగిలింది.