నల్ల ట్యాంకు మీద సన్న గీత

"ఇక్కడ గీత," అన్నాడు పెద్దాయన.

రంగుల మేస్త్రీ వంగి చూశాడు. మోటార్‌సైకిల్ ట్యాంకు, నల్ల రంగు. పైన మెరుపు పూత వేసి నాలుగు రోజులైంది. అందులో తన నుదుటి మీద చెమట చుక్కలు కూడా కనిపిస్తున్నాయి. గీత మాత్రం కనిపించలేదు.

పెద్దాయన జేబులోంచి చిన్న టార్చి తీసి ఏటవాలుగా వేశాడు. అప్పుడు కనబడింది. వెంట్రుక కన్నా సన్నం.

"పాలిష్ చేసేటప్పుడు పడుంటుందండీ. తీసేస్తాను."

పెద్దాయన టార్చి జేబులో పెట్టుకున్నాడు. పక్క వీధిలో బడి గంట కొట్టేసరికి చంకలో బొమ్మల నీళ్ళ సీసా సర్దుకుని వెళ్ళిపోయాడు.

బండి యజమాని ఫోనులో ముందే చెప్పాడు. "మా పెదనాన్న వచ్చి చూస్తాడు. మాటలు తక్కువ మనిషి. ఆయన చూసి ఊఁ అంటే చాలు, మా దగ్గరున్న మిగతా పదకొండు పాత బళ్ళూ మీకే." మాటలు తక్కువన్నది నిజమే. ఉన్న ఒక్క మాటా 'గీత' కావడమే మేస్త్రీ ఖర్మ.

పదకొండు బళ్ళంటే ఏడాదికి సరిపడా పని. అవి రాకపోతే షెడ్డుకి తాళం వేసి, బావమరిది ఇనుపసామాన్ల కొట్లో మేకులు తూస్తూ కూర్చోవాలి. నెలాఖరు దాకా చూస్తానని భార్య గడువు పెట్టింది. బావమరిది అప్పుడే స్టూలు కూడా కొన్నాడట.

మర్నాడు మేస్త్రీ ట్యాంకు మీద నీళ్ళు చల్లి, ఉన్నవాటిలోకెల్లా నున్నటి ఎమరీ కాగితంతో మెల్లగా రుద్దాడు. మెరుగు పెట్టే కాంపౌండు రాసి బఫింగ్ మిషను తిప్పాడు. తుడిచి చూస్తే గీత పోయింది. ప్రాణం లేచొచ్చింది.

మూడూ ముప్పావుకి పెద్దాయన టార్చితో సహా దిగాడు.

"ఇక్కడ గీతలు."

ఈసారి ఒకటి కాదు. మిషను తిరిగిన దారంతా గుండ్రటి సన్న గీతలు, సాలెగూడు పరిచినట్టు. ఒకటి తియ్యబోతే వందొచ్చాయి.

మేస్త్రీ ఉంగరం తీసేశాడు. వాచీ తీసేశాడు. బకిల్ తగులుతోందేమోనని బెల్టు కూడా తీసేసి, ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని రెండో చేత్తో తుడిచాడు. స్పాంజి ప్యాడు మార్చాడు. చంటిపిల్లలకి కూడా దొరకనంత మెత్తటి గుడ్డ కొన్నాడు. బళ్ళకి నల్ల రంగు వెయ్యాలని మొదట ఎవడికి తోచిందో గానీ, వాణ్ణి ఓసారి షెడ్డుకి పిలిచి మాట్లాడాలనిపించింది.

"ఇటు కూడా ఉంది."

"అంచున చూడు."

"నిన్నటిది పోయింది. ఇది కొత్తది."

రోజూ మూడూ ముప్పావుకి రావడం, గంట కొట్టగానే పోవడం. శని, ఆదివారాలు మాత్రం కనికరించాడు. మేస్త్రీ కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. టీ తాగి మరీ గీత చూపించాడు పెద్దాయన.

"పైపూత ఎంత మందముంటుందండీ?" అని బతిమాలాడు మేస్త్రీ. "ఇంకా రుద్దితే కింది రంగు తేలుతుంది. పని మళ్ళీ మొదటికొస్తుంది."

"మరి గీత ఉందిగా," అన్నాడు పెద్దాయన, తనదేం తప్పు లేనట్టు.

మంగళవారానికి మేస్త్రీకి ఒళ్ళు మండిపోతోంది. ఆ మంట మీద ముగ్గురు దొరికారు. క్యారియర్ తెచ్చిన భార్య ట్యాంకు మీద దుమ్ము దులపబోతే "ముట్టుకోకు!" అని అరిచాడు. "మేకులైతే ఎంత ముట్టుకున్నా ఏం కావు," అని ఆవిడ క్యారియర్ టక్కున పెట్టి వెళ్ళిపోయింది. గొడుగు మడుచుకుంటూ లోపలికొచ్చిన ఓ బక్కపల్చటి ముసలాయన, ట్యాంకు చుట్టూ తిరిగి చూసి "ఊఁ" అన్నాడు. "ఊఁ ఏంటి ఊఁ! ఇదేమన్నా ఎగ్జిబిషనా? పనిలేనివాళ్ళకి ఇక్కడ పనిలేదు, నడవండి!" అని గుమ్మం దాకా తరిమాడు. సైకిలుకి గాలి కొట్టే పంపు ఉందా అని అడగబోయిన పక్క కొట్టు టైలరు, ఇదంతా చూసి బతుకుజీవుడా అని వెనక్కి తిరిగాడు. వాడి వీపుక్కూడా నాలుగు తిట్లు తగిలాయి.

ముగ్గురినీ తిట్టాక గుండె కాస్త తేలికపడింది. మూడూ ముప్పావుకి మళ్ళీ బరువెక్కింది.

శుక్రవారం మేస్త్రీ మిషను పక్కన పడేశాడు. పొద్దుట్నుంచీ చేత్తోనే, వేళ్ళ కొసలతో, ఊపిరి బిగబట్టి తుడిచాడు. భుజాలు పడిపోయాయి. ఇవాళ కూడా 'గీత' అంటే ఈ ట్యాంకు నెత్తిన పెట్టుకుని పోయి మేకుల పక్కనే కూర్చుంటానని ఒట్టు పెట్టుకున్నాడు.

పెద్దాయన వచ్చాడు. ఎడమ నుంచి టార్చి వేశాడు. కుడి నుంచి వేశాడు. కింద కూర్చుని వేశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ వేశాడు.

"లేదు," అన్నాడు చివరికి. ఎందుకో ఆయన మొహం చిన్నబోయింది. "ఒక్కటీ లేదు."

మేస్త్రీకి ఏడుపొచ్చినంత పనైంది. "అంటే... బాగున్నట్టేనాండీ?"

"చాలా బాగుంది. సోమవారం ఇంకోటి ఏదైనా పెడతావా?"

"ఒకటేంటండీ, పదకొండు పెడతాను!"

గంట కొట్టింది. మేస్త్రీ మొదటిసారి ఆయన్ని గుమ్మం దాకా సాగనంపాడు. అక్కడే నిలబడి బండి యజమానికి ఫోను చేశాడు.

"మిగతా బళ్ళు ఎప్పుడు పంపిస్తారండీ?"

"అవి వేరేచోట ఇచ్చేశాం. మీ దగ్గరున్నది రేపొచ్చి పట్టుకెళ్తాను." అవతలి గొంతు ముక్తసరిగా ఉంది.

"అదేంటండీ! మీ పెదనాన్నగారు ఇప్పుడే బాగుందన్నారు!"

వీధి మలుపులో పెద్దాయన ఒక చిన్నపిల్ల పుస్తకాల సంచీ తన భుజాన తగిలించుకుని, నీళ్ళ సీసా మూత తీసి ఇస్తున్నాడు.

"ఇప్పుడేంటి, మంగళవారమే మా పెదనాన్న గొడుగేసుకుని అంత దూరం వచ్చి, చూసి ఊఁ అంటే, పనిలేనివాళ్ళకి ఇక్కడ పనిలేదని గుమ్మం దాకా తరిమారటగా!"