అర సెకను

"ఆ ప్రోగ్రాం మార్చొద్దు అమ్మణి," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ ముసలాయన.

కృత్తిక కంప్యూటర్ మీంచి తలెత్తలేదు.

సింగానల్లూరు నూలు మిల్లులో ఆమె కొత్త ఇంజనీరు. పత్తి ఏకే మెషిన్‌లోకి ఎవరి చెయ్యైనా పోబోతే వెంటనే దాన్ని ఆపే ప్రోగ్రాం ఒకటి అక్కడుంది. సి భాషలో ఉన్న ఆ పాతదాన్ని ఆమె పైథాన్‌లోకి తిరగరాస్తోంది.

"మిమ్మల్ని లోపలికి ఎవరు విడిచినారు?"

"వాచ్‌మన్ తెలిసినవాడు. నా పేరు అళగిరిసామి. ఇక్కడే స్టోర్‌లో ఉండి రిటైరైనాను. అది నేను రాసిందే."

బోల్టులూ బెల్టులూ అందించినవాడు ప్రోగ్రాం రాశాడట. ఆమెకు ఒళ్ళు మండింది.

"దాన్లో ఒక లైను మార్చాలన్నా ఇక్కడ ఒకరికీ తెలియదు. సి నేర్చేదానికి ఆర్నెల్లు కావాలి. పైథాన్ అయితే మావాళ్ళు పది దినాల్లో నేర్చుకుంటారు."

"నేర్చేదానికి సులువే, సరి. నాకు సి వచ్చేదానికి రెండేండ్లు పట్టింది. అయితే అది ఆపమన్న క్షణాన ఆపుతుంది. మీది ఒక్కోతూరి తన పని చూసుకొని, ఆపైన ఆపుతుంది. అర సెకను ఆలస్యమైనా మిషన్ కాచుకోదు."

"రెండేండ్లా?" ఆమె నవ్వింది. "మీ బుర్రకు ఎక్కలేదని అందరూ కష్టపడాల్నా?"

ఆయన మొహం చిన్నబోయింది.

"కొన్నాళ్ళు రెండూ కలిపి నడపండి అమ్మణి. అంతే అడిగేది."

"అమ్మణి కాదు, మేడం. ఇంక పోండి."

ఆయన వెళ్ళాక ఆమె వాచ్‌మన్‌ని పిలిచింది.

"ఇంకోతూరి ఆయన గేటు దాటితే నీ ఉద్యోగం ఉండదు."

కొత్త ప్రోగ్రాం పెట్టిన మూడోవారం, ఆ మెషిన్ మీద పనిచేసే మారి అనే పిల్ల చేతివేళ్ళు రెండు నలిగిపోయాయి. మెషిన్ ఆగింది, కానీ ఆలస్యంగా ఆగింది.

ఎంత ఆలస్యమో కృత్తిక రికార్డు తీసి చూసింది. అర సెకనుకు కాస్త తక్కువ.

మర్నాడు ముసలాయన అడ్రసు కనుక్కుని ఒండిపుదూరు వెళ్ళింది. తలుపు తీసింది అళగిరిసామి భార్య వెంకటమ్మాళ్. సంగతి విని కూడా కూర్చోమనలేదు.

"ఆయన లేడు. నిన్నటినుంచీ ఆస్పత్రిలో ఆ పిల్ల దగ్గరే ఉండాడు. నువ్వు పోయినావా?"

కృత్తిక తల అడ్డంగా ఊపింది.

"పాతది మళ్ళీ పెట్టాలి. ఆయన్ని క్షమించమని అడగాలి," అంది.

"ఎనిమిదో క్లాసు మనిషి. ఇంగ్లీషు పుస్తకాన్ని ఒక్కో మాటా డిక్షనరీలో వెతుక్కొని నేర్చినాడు. నీకది నవ్వులాటయింది."

"అంత కష్టపడి ఎందుకు నేర్చుకున్నారు?"

"అప్పుడు ఆ మిషన్ మీద పనికి ఉండింది మా పెద్దది," అంది వెంకటమ్మాళ్.

లోపలినుంచి ఆ పెద్దకూతురు ఎడమచేత్తో నీళ్ళచెంబు తెచ్చి కృత్తికకు అందించింది. ఆమె కుడిచెయ్యి మోచేతి దగ్గరే అయిపోయింది.