కొండా, పిడుగూ

తలకు ఆపరేషన్ జరిగి నాలుగు రోజులైనా మావాడు నోరు విప్పలేదు. "వాడికిష్టమైన సంగతులు చెప్పండి, మిమ్మల్ని గుర్తుపడతాడేమో చూద్దాం," అన్నాడు డాక్టరు.

మా ఇద్దరికీ ఇష్టమైన సంగతి ఒక్కటే. వేరే వేరే కాలాల హెవీవెయిట్ బాక్సర్లను ఊహలో కొట్లాటకు దింపడం! నా కాలపు కొండకీ, వాడు మెచ్చే ఇప్పటి చాంపియన్ పిడుగుకీ ఎన్ని పోటీలు పెట్టామో! "ఆ ముసలి కొండ రెండు రౌండ్లు కూడా ఆగడు," అని వెక్కిరించేవాడు.

మంచం కమ్మీ మీద చెంచాతో గంట కొట్టాను. ఏడో రౌండుదాకా గుక్కతిప్పుకోకుండా చెప్పాను. వాడి కనురెప్పయినా కదల్లేదు. ఎన్నడూ ఒప్పుకోని పని చేశాను. కొండను పడగొట్టేశాను.

"నీ పిడుగే గెలిచాడురా! ఒకటి... రెండు..." రిఫరీలా పదిదాకా లెక్కపెట్టసాగాను. "ఆరు... ఏడు..."

వాడి పెదవులు కదిలాయి. "ఎనిమిదికి లేస్తాడు."

"ఎవర్రా లేచేది?"

"కొండ." కళ్లు తెరిచి నా మొహంలోకి చూశాడు. "నువ్వెప్పుడైనా లేవకుండా ఉన్నావా నాన్నా?"

ఓరి నా బంగారు తండ్రీ! నలభై ఏళ్ల కిందట రింగు చుట్టూ జనం నన్ను చూసి "కొండా, కొండా" అని అరిచినప్పుడు కూడా నాకింత సంతోషం కలగలేదు.